టెన్త్ ఇంగ్లీష్: బట్టీ పట్టకుండా రీడింగ్, గ్రామర్, రైటింగ్ ప్రాక్టీస్ ఎట్టా చేయాలి?

నెల్లూరు, మైపాడు, కృష్ణపట్నం, అల్లూరు, కావలి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో చూస్తున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఈ ఎపిసోడ్. టాపిక్ టెన్త్ ఇంగ్లీష్. ఎనిమిది, తొమ్మిది చదివే వాళ్లకి కూడా పనికొస్తుంది.

ముందే ఒక మాట చెప్పేస్తా. ఈ వీడియో చూసినంత మాత్రాన మీకు ఒక్క మార్కు కూడా పెరగదు. నిజం. ఇంగ్లీష్ పరీక్ష చెవితో రాసేది కాదు, చేత్తో రాసేది. కాబట్టి ఇప్పుడే ఒక నోట్‌బుక్, ఒక పెన్ను తెచ్చుకోండి. నేను "ఆపండి" అన్నప్పుడు వీడియో ఆపి రాయండి. దీన్ని చదువుతున్న వాళ్లకి ఇంకో మాట. ఇంగ్లీష్ వాక్యాలన్నీ నేను పలికినట్టే తెలుగు అక్షరాల్లో టైప్ చేశాం. వాటిని మీరు నోట్‌బుక్‌లో ఇంగ్లీష్ అక్షరాల్లో, సరైన స్పెల్లింగ్‌తో రాయాలి. డౌట్ వస్తే డిక్షనరీ చూడండి. మీ మొదటి ప్రాక్టీస్ ఇదే.

ఈ ఎపిసోడ్ ఎందుకు చేస్తున్నానో చెప్తా. మన తీరంలో చాలా ఇళ్లల్లో స్మార్ట్‌ఫోన్ ఒక్కటే. అది నాన్న జేబులో ఉంటుంది. నాన్న వేటకి పోతే ఫోనూ పోతుంది. రొయ్యల గుంట కాడ కాపలా ఉంటే ఫోనూ అక్కడే ఉంటుంది. టెన్త్ పరీక్షలు జరిగేది మార్చిలో. వేట నిషేధం మొదలయ్యేది ఏప్రిల్ 15న. అంటే మీరు పరీక్ష రాసే రోజుల్లో బోట్లు సముద్రంలోనే ఉంటాయి. ఒకవేళ ఒక సబ్జెక్ట్ పోతే? సప్లిమెంటరీ వచ్చేది ఎండాకాలంలో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, వేట బంద్. ఇంట్లో డబ్బులు ఆడని రోజులవి. మళ్లీ ఫీజు, మళ్లీ బస్సు, మళ్లీ టెన్షన్. ఇంకోవైపు చూస్తే, ట్రిపుల్ ఐటీ సీటు టెన్త్ మార్కులతోనే వస్తుంది. మొత్తం 600 మార్కుల్లో ఇంగ్లీష్‌వి 100. లెక్కల్లో ఎంత బాగా వచ్చినా, ఇంగ్లీష్‌లో పోగొట్టుకున్న మార్కులు మిమ్మల్ని వెనక్కి లాగుతాయి. అందుకే ఫోన్ లేకపోయినా, ట్యూషన్ లేకపోయినా నడిచే పద్ధతి చెప్తున్నా.

"అన్నా, మావి పల్లెటూళ్లు, ఇంగ్లీష్ మావల్ల ఏం అవుతుంది?" అనే కామెంట్లు చాలా వస్తాయి. వాళ్లకి ఒకాయన గురించి చెప్పాలి. వెన్నెలకంటి సుబ్బారావు గారు, 1784లో పుట్టారు. మన కందుకూరు ప్రాంతం ఆయన. అప్పట్లో ఇప్పటిలాంటి బడులు లేవు, వీడియోలు అసలే లేవు. ఆయన ఇంగ్లీష్ నేర్చుకుని, మద్రాసులో సదర్ కోర్టుకి ట్రాన్స్‌లేటర్ అయ్యారు. తన జీవితకథని ఇంగ్లీష్‌లోనే రాసుకున్నారు. ఆయన పోయాక, 1873లో అది పుస్తకంగా అచ్చయింది. ఇంగ్లీష్ మన తీరానికి కొత్త కాదబ్బా.

సరే, పేపర్ సంగతికి వద్దాం. 100 మార్కుల పేపర్, 35 వస్తే పాస్. పొద్దున 9:30 నుంచి 12:45 దాకా, అంటే 3 గంటల 15 నిమిషాలు. అందులో 15 నిమిషాలు పేపర్ చదువుకోవడానికే ఇచ్చారు. పేపర్‌లో మూడు భాగాలు: రీడింగ్, గ్రామర్ అండ్ వొకాబులరీ, రైటింగ్. మోడల్ పేపర్లు పరీక్షల బోర్డు వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. ఒక్కసారి నెట్ సెంటర్‌లో ప్రింట్ తీయించుకోండి చాలు. ఆ తర్వాత ఫోన్ అక్కర్లేదు.

చాలామంది ఈ మూడింటినీ మూడు వేరు వేరు సబ్జెక్టుల్లా చదువుతారు. రీడింగ్ వదిలేస్తారు, గ్రామర్‌కి బిట్లు బట్టీ పడతారు, రైటింగ్‌కి గైడులో లెటర్లు బట్టీ పడతారు. నేను చెప్పేది ఏందంటే, మూడూ ఒకటే పని. చదివిన వాక్యం ఎట్టా కట్టారో చూడటం గ్రామర్. అదే పద్ధతిలో మీ సొంత వాక్యం కట్టడం రైటింగ్. ఒకటి సరిగ్గా పట్టుకుంటే మిగతా రెండూ దాని వెంట వస్తాయి.

ముందు రీడింగ్.

మీలో చాలామంది ఇంగ్లీష్ పేరాని గడగడా పైకి చదివేస్తారు. "ఏం అర్థమైంది?" అంటే మౌనం. నోరు చదివింది కానీ బుర్ర చదవలేదు. పేపర్‌లో అడిగేది రెండోదే. దానికి మనకి బాగా తెలిసిన విషయంతో ప్రాక్టీస్ మొదలుపెడదాం. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. నెల్లూరు తీరమంతా వానల్లో నానిపోయింది. అట్టాంటి రోజుల్లో వాతావరణ శాఖ బులెటిన్లలో ఒక మాట కనిపిస్తుంది: "ఫిషర్‌మెన్ ఆర్ అడ్వైజ్డ్ నాట్ టు వెంచర్ ఇన్‌టు ద సీ." ఆపండి. రాసుకోండి.

ఇందులో "వెంచర్" అనే మాట మీకు తెలియదనుకుందాం. భయపడొద్దు. చుట్టూ చూడండి. ఫిషర్‌మెన్ తెలుసు, నాట్ తెలుసు, సీ తెలుసు. తుపాను రోజుల్లో మత్స్యకారులకి సముద్రం గురించి "వద్దు" అని ఏం చెప్తారు? పోవద్దనే కదా. అంటే వెంచర్ అంటే పోవడం, అదీ ప్రమాదం ఉన్నచోటికి తెగించి పోవడం. చూశారా, డిక్షనరీ లేకుండా అర్థం లాగాం. పరీక్ష హాల్లోకి డిక్షనరీ రానివ్వరు కాబట్టి ఈ అలవాటే మిమ్మల్ని కాపాడుతుంది. ముందు ఊహించండి, ఇంటికొచ్చాక చెక్ చేయండి. బ్రౌన్ దొర కట్టిన నిఘంటువు దగ్గర నుంచి చాలా నిఘంటువులు ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి.

పాసేజ్ వచ్చినప్పుడు మూడు రౌండ్లు చేయండి. మొదటి రౌండ్, ప్రశ్నలు చదవాలి, పాసేజ్ కాదు. ఏం వెతకాలో తెలిస్తేనే వెతకగలం. రెండో రౌండ్, పాసేజ్ మొత్తం ఆగకుండా చదవాలి. తెలియని మాట వస్తే కింద గీత గీసి ముందుకు పోవాలి. మూడో రౌండ్, ఒక్కో ప్రశ్నకీ జవాబు ఉన్న వాక్యం మీద వేలు పెట్టాలి. వేలు పెట్టలేకపోతే ఆ జవాబు మీరు ఊహిస్తున్నారని అర్థం. ఇంకో జాగ్రత్త. "వై" అని అడిగితే "బికాజ్"తో, "వెన్" అని అడిగితే టైంతో, "హూ" అని అడిగితే మనిషితో జవాబు రావాలి. పాసేజ్‌లో నాలుగు లైన్లు ఎత్తి దించితే మార్కులు రావు.

టేబుల్, గ్రాఫ్ ఇచ్చి అడిగే ప్రశ్నలంటే కొంతమందికి వణుకు. కానీ రొయ్యల రేట్లు రోజూ చూసే పిల్లలకి ఇది చాలా ఈజీ. 30 కౌంట్ అంటే కిలోకి 30 రొయ్యలు, 100 కౌంట్ అంటే కిలోకి 100. కౌంట్ పెరిగేకొద్దీ రొయ్య చిన్నది, రేటు తక్కువ. దీన్నే ఇంగ్లీష్‌లో చెప్పండి: "యాజ్ ద కౌంట్ ఇంక్రీజెస్, ద ప్రైస్ డిక్రీజెస్." "థర్టీ కౌంట్ ఈజ్ కాస్ట్‌లియర్ దేన్ హండ్రెడ్ కౌంట్." మొదటిది గ్రాఫ్ ప్రశ్నకి జవాబు. రెండోది డిగ్రీస్ ఆఫ్ కంపారిజన్. మీ ఇంట్లో మాట్లాడుకునే మాటల్లోనే సిలబస్ ఉంది.

ఇప్పుడు గ్రామర్. అందరూ భయపడే చోటు.

నేను బీటెక్ చేసి, సాఫ్ట్‌వేర్‌లో పనిచేసి వచ్చా. అక్కడ ప్రోగ్రామ్‌లో ఎర్రర్ వస్తే "నాకు కోడింగ్ రాదు" అని కూర్చోం. ఎర్రర్ ఎక్కడ పుడుతోందో వెతుకుతాం. గ్రామర్ కూడా అంతే. మన తప్పుల్లో ఎక్కువ భాగం తెలివి తక్కువై వచ్చేవి కావు. తెలుగు వాక్యం ఒకలా నడుస్తుంది, ఇంగ్లీష్ వాక్యం ఇంకోలా నడుస్తుంది. ఆ తేడా దగ్గరే తప్పు పుడుతుంది. ఆరు చోట్లు చెప్తా, రాసుకోండి.

ఒకటి. "మా నాన్న మత్స్యకారుడు." ఈ తెలుగు వాక్యంలో క్రియ ఎక్కడుంది? లేదు. తెలుగులో అక్కర్లేదు కూడా. అందుకే మనవాళ్లు "మై ఫాదర్ ఫిషర్‌మ్యాన్" అని రాసేస్తారు. ఇంగ్లీష్‌లో క్రియ లేకుండా వాక్యం నిలబడదు. "మై ఫాదర్ ఈజ్ ఎ ఫిషర్‌మ్యాన్." ఈ నీళ్లు ఉప్పన: "దిస్ వాటర్ ఈజ్ సాల్టీ." రాసిన ప్రతి వాక్యంలో క్రియ కింద గీత గీయండి. గీత పడకపోతే తప్పు దొరికినట్టే.

రెండు. "నాన్న రోజూ వేటకి వెళ్తాడు." "నాన్న రేపు వేటకి వెళ్తాడు." రెండు చోట్లా తెలుగులో ఒకటే "వెళ్తాడు". ఇంగ్లీష్ ఊరుకోదు. రోజూ అయితే "గోస్", రేపు అయితే "విల్ గో". కాబట్టి రాసేముందు మిమ్మల్ని మీరు అడగండి: రోజూనా, రేపా?

మూడు. ఆ "గోస్"లో ఎస్ ఎందుకు? చాలామంది దీన్ని మర్చిపోతారు. తెలుగులో "నేను వెళ్తాను, వాడు వెళ్తాడు, ఆమె వెళ్తుంది" అని మనిషిని బట్టి తోక మారుస్తాం కదా. ఎవరూ నేర్పకుండానే మారుస్తాం. ఇంగ్లీష్‌లో అన్ని తోకలు లేవు. ప్రెజెంట్‌లో, హీ, షీ, ఇట్ దగ్గర మాత్రం ఆ చిన్న ఎస్. తెలుగులో అన్ని తోకలు మోసేవాళ్లం, ఇంగ్లీష్‌లో ఒక్కటి మోయలేమా?

నాలుగు. "ఒక పడవ వచ్చింది. ఆ పడవలో ఐదుగురు ఉన్నారు." మొదటిసారి చెప్పినప్పుడు "ఒక", మళ్లీ దాని గురించే చెప్పినప్పుడు "ఆ". ఇంగ్లీష్‌లో మొదటిది "ఎ బోట్", రెండోది "ద బోట్". ఆర్టికల్స్ మొత్తం ఇంతే అని చెప్పను, కానీ సగం డౌట్లు ఇక్కడే తీరతాయి. అట్టాగే, మనం "బస్సులో" అని మాటకి వెనక అతికించే "లో, మీద, కి" ఇంగ్లీష్‌లో ముందుకి వస్తాయి. అవే ప్రిపోజిషన్లు.

ఐదు. ప్యాసివ్ వాయిస్. "చేయబడింది, కట్టబడింది" అని నేర్పుతారు. ఇంట్లో ఎవరైనా అట్టా మాట్లాడతారా? "జువ్వలదిన్నెలో హార్బర్ కట్టారు" అంటాం. ఎవరు కట్టారు? వాక్యంలో లేదు, మనకి అక్కర్లేదు కూడా. అదిగో, తెలుగులో "ఎవరు" అనేది చెప్పకుండా "కట్టారు, చెప్పారు, మూసేశారు" అంటున్నామంటే, ఇంగ్లీష్‌లో అది ప్యాసివ్‌కి సరైన చోటు. "ఎ హార్బర్ వాజ్ బిల్ట్ ఎట్ జువ్వలదిన్నె." ఇందాకటి బులెటిన్ గుర్తుందా? "ఫిషర్‌మెన్ ఆర్ అడ్వైజ్డ్." ఎవరు సలహా ఇచ్చారనేది కాదు, ఎవరికి ఇచ్చారనేది ముఖ్యం. అందుకే అది ప్యాసివ్. రీడింగ్‌లో చూసిన వాక్యం గ్రామర్‌లోకి ఎట్టా వచ్చిందో గమనించండి.

ఆరు. రిపోర్టెడ్ స్పీచ్. "నేను రేపు వస్తాను అని నాన్న చెప్పాడు." తెలుగులో "అని" పెట్టేస్తే చాలు, నాన్న మాట నాన్న మాటలాగే ఉంటుంది. ఇంగ్లీష్‌లో ఆ మాటని మనం మోసుకొస్తున్నాం కాబట్టి మూడు మారతాయి. "ఫాదర్ సెడ్ దట్ హీ వుడ్ కమ్ ద నెక్స్ట్ డే." ఐ కాస్తా హీ, విల్ కాస్తా వుడ్, టుమారో కాస్తా ద నెక్స్ట్ డే. మనిషి, కాలం, రోజు. ఈ మూడూ చెక్ చేసుకోండి.

ఆపండి. ఈ ఆరింటికీ మీ ఇంటి నుంచి, మీ ఊరి నుంచి ఒక్కో వాక్యం రాయండి. గైడులోది వద్దు.

ఇక రైటింగ్. ఎక్కువ మంది బట్టీని నమ్ముకుని మునిగేది ఇక్కడే.

"పిక్నిక్‌కి పర్మిషన్ అడుగుతూ నాన్నకి లెటర్" బట్టీ పట్టి వెళ్తారు. పేపర్‌లో "మీ ఊళ్లో వచ్చిన తుపాను గురించి ఫ్రెండ్‌కి లెటర్ రాయండి" అని వస్తుంది. అప్పుడేం చేస్తారు? పిక్నిక్ లెటర్‌నే దించి, పైన పేరు మారుస్తారు. అడ్రస్, డేట్, ఇట్లాంటి ఫార్మాట్‌కి కాస్త మార్కులు పడొచ్చేమో, లోపల విషయానికి ఏం పడతాయి? పాపం ఆ పిల్ల తుపానుని కళ్లారా చూసింది. రాత్రంతా గాలి విన్నది. కరెంటు పోయింది, బోట్లు ఒడ్డుకి లాగి కట్టారు, స్కూల్‌కి సెలవిచ్చారు. చెప్పడానికి బోలెడు ఉంది. కానీ సొంత వాక్యం రాసే అలవాటు లేక, తనది కాని పిక్నిక్ గురించి రాసి వచ్చింది. నాకు బాధ కలిగించేది ఇదే. విషయం లేక కాదు మనం మార్కులు పోగొట్టుకునేది, మన విషయాన్ని మనం నమ్మక.

ఫార్మాట్లు మాత్రం నేర్చుకోండి, అవి కొన్నే. లెటర్, డైరీ, సంభాషణ, జీవిత చిత్రణ, రిపోర్ట్. లెటర్‌కి అడ్రస్, డేట్, సంబోధన, విషయం, ముగింపు, సంతకం. డైరీకి రోజు, తేదీ, టైం, మనసులో మాట. మీ టెక్స్ట్‌బుక్‌లో ఆన్ ఫ్రాంక్ డైరీ పాఠం ఉంది. ఆ అమ్మాయిది మీ ఈడే, 13 ఏళ్లప్పుడు రాయడం మొదలుపెట్టింది. డైరీని ఒక ఫ్రెండ్ అనుకుని, "కిట్టీ" అని పేరు పెట్టి, దాంతో మాట్లాడినట్టు రాసింది. డైరీ ఎట్టా రాయాలో గైడు కన్నా ఆ పాఠమే బాగా నేర్పుతుంది.

లోపలి విషయానికి ఒక చిన్న ట్రిక్. ప్రశ్న చూడగానే రఫ్‌గా ఐదు మాటలు రాసుకోండి: ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, ఏం జరిగింది, ఏమనిపించింది. ఒక్కో మాటకి రెండేసి చిన్న వాక్యాలు. పది వాక్యాలు అయిపోయాయి. "ద విండ్ వాజ్ వెరీ స్ట్రాంగ్. వుయ్ డిడ్ నాట్ స్లీప్. ద బోట్స్ వర్ టైడ్ ఆన్ ద షోర్." చూడండి, ఎంత చిన్న వాక్యాలో. మూడోది ప్యాసివ్ కూడా. పెద్ద పెద్ద మాటలు వాడితేనే మార్కులు అనుకోవద్దు. తప్పుల్లేని చిన్న వాక్యం, తప్పులున్న పొడుగు వాక్యం కన్నా వందరెట్లు మేలు.

ఇప్పుడు రోజూ చేయాల్సిన ప్లాన్. మొత్తం 40 నిమిషాలు. మొదటి 15 నిమిషాలు చదవండి. టెక్స్ట్‌బుక్‌లో ఒక పేజీ, లేదా ఏదైనా ఇంగ్లీష్ కాగితం: మేత బస్తా మీద రాసింది, మందుల డబ్బా మీద రాసింది, పాత పేపరు. అందులోంచి మూడు ప్రశ్నలు మీరే తయారుచేయండి. ప్రశ్న తయారుచేయడం వస్తే జవాబు వెతకడం దానంతటదే వస్తుంది. తర్వాత 10 నిమిషాలు గ్రామర్. చదివిన పేజీలో నేను చెప్పిన ఆరింటిలో ఏదైనా ఒకదాన్ని వెతికి, అట్టాంటివే మూడు సొంత వాక్యాలు రాయండి. చివరి 15 నిమిషాలు ఆ రోజు మీకు జరిగిన దాని గురించి ఐదు వాక్యాల డైరీ.

రాసిన దాన్ని అదే రోజు దిద్దుకోవద్దు. మనం రాసింది మనకి అప్పుడు కరెక్ట్‌గానే కనిపిస్తుంది. రెండు రోజులాగి చూడండి, తప్పులు వాటంతట అవే బయటపడతాయి. నోట్‌బుక్ చివరి పేజీలో తప్పుల లిస్టు పెట్టండి. మేం సాఫ్ట్‌వేర్‌లో బగ్ లిస్ట్ అంటాం. "ఎస్ మర్చిపోయా, 4 సార్లు." "ఈజ్ లేదు, 6 సార్లు." ఆ వారం ఎక్కువ సార్లు వచ్చిన తప్పు ఒక్కదాన్నే పట్టుకోండి. అన్నీ ఒకేసారి సరిచేయాలని చూస్తే ఏదీ సరికాదు. మీకు మీరు కనిపెట్టలేని తప్పుల కోసం వారానికి ఒకసారి మీ ఇంగ్లీష్ టీచర్‌కి నోట్‌బుక్ చూపించండి. "సార్, ఈ పేజీ ఒక్కటి చూడండి" అని అడిగే పిల్లల్ని ఏ టీచరూ కాదనరు.

పరీక్ష రోజు సంగతి. ఆ మొదటి 15 నిమిషాల్లో రైటింగ్ ప్రశ్నలు కూడా చదివేయండి. మీరు పాసేజ్ చేస్తుండగా వెనకాల బుర్ర లెటర్ గురించి ఆలోచిస్తూనే ఉంటుంది. ఏ ప్రశ్ననీ ఖాళీగా వదలొద్దు. చివర్లో 10 నిమిషాలు మిగుల్చుకోండి. ఆ 10 నిమిషాల్లో మీ బగ్ లిస్ట్‌లో పైన ఉన్న మూడు తప్పుల కోసం మాత్రమే పేపర్ వెతకండి. మూడు దొరికినా మూడు మార్కులు కాపాడుకున్నట్టే.

అంతే ఫ్రెండ్స్. ఇక మీ వంతు. మీ ఊరి గురించి ఐదు ఇంగ్లీష్ వాక్యాలు కామెంట్‌లో రాయండి. తప్పులుంటాయని సిగ్గుపడొద్దు, ఒక్కోదాని కింద ఏది మార్చాలో రాస్తా. ఫోన్ లేని ఫ్రెండ్ మీ క్లాసులో ఎవరైనా ఉంటే, ఆ ఆరు పాయింట్లూ ఒక కాగితం మీద రాసి రేపు స్కూల్లో ఇచ్చేయండి. షేర్ బటన్ నొక్కడం కన్నా అది నాకు ఎక్కువ. నెక్స్ట్ ఎపిసోడ్‌లో టెన్సెస్ ఒక్కటే పట్టుకుని కూర్చుందాం. అప్పటిదాకా రోజుకి ఐదు వాక్యాలు. మర్చిపోకండి. బై.